పెనానికి నలభై అడుగుల ఇవతల

ఇప్పటికి నాలుగుసార్లు అడిగాను.

మొదటిసారి గానుగ షెడ్డు ముందు, అందరూ వింటుండగా అడిగాను. "ముందా పిప్పి ఎత్తు" అన్నారు. రెండోసారి మా పెద్ద మామ, అంటే మా మామగారి అన్నయ్య, మంచం దగ్గరకు వెళ్ళి అడిగాను. నేను అడుగుతున్నంతసేపూ కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. ప్రశ్న పూర్తికాగానే నిద్రపోయాడు. మూడోసారి ఊరి మీటింగులో లేచి నిలబడ్డాను. "నీకేటైనా సెప్పాలనుంటే రాసియ్యమ్మా, సూత్తాం" అన్నారు. రాసిచ్చాను, అది నాలుగోసారి. రూళ్ళ కాగితం, రెండు వైపులా. నెల తర్వాత ఆ కాగితం మళ్ళీ కనబడింది. పెద్ద మామ మంచం కోడు ఒకటి పొట్టిది. దాని కింద నాలుగు మడతలు పెట్టి ఉంది. మంచం ఇప్పుడు ఊగడం లేదు. నా అర్జీ వల్ల ఊళ్ళో తీరిన సమస్య అదొక్కటే.

అందుకే ఈసారి ఏ మంచం కోడు కిందా పట్టనంత పొడుగ్గా రాస్తున్నాను.

మా ఊరు అనకాపల్లికి ఆటోలో అరగంట. ఇంటి వెనకాలే గానుగ. చెరకు ఆడే నాలుగు నెలలూ మా బట్టలకీ జుట్టుకీ అన్నానికీ కూడా బెల్లం వాసనే. రసం పెద్ద పెనంలో పోసి, కింద చెరకు పిప్పితో మంట పెట్టి కాస్తారు. తెట్టు తీస్తారు. రసం చిక్కబడి, బుడగలు చిన్నవై, పాకం వస్తుంది. అసలు విద్యంతా అక్కడే. పెనం దించాల్సిన క్షణం ఒకటుంటుంది. దానికి ముందు దించితే బెల్లం గట్టిపడదు, జిగురుగా కారుతుంది. దాటితే మాడి చేదెక్కుతుంది. ఆ క్షణం చెప్పగలిగినవాడే పాకగాడు. ఊళ్ళో అతనికి దక్కే మర్యాద కొత్త అల్లుడికి కూడా దక్కదు.

అతను, అతనికి, అల్లుడు. చూశారా, రాసేటప్పుడు నా చెయ్యి కూడా అటే పోతోంది.

మా ఊరి కట్టుబాటు ఏమిటంటే, పాకం వేళ పెనం దగ్గర ఆడమనిషి ఉండకూడదు. ఆడగాలి తగిలితే పాకం విరుగుతుందట. మరి మిగతా పనంతా ఎవరిది? చెరకు కొట్టిన చోట ఆకు ఒలిచేది ఆడవాళ్ళు. కట్టలు నెత్తిన మోసేది ఆడవాళ్ళు. పిప్పి ఎండబెట్టి, ఎత్తి, పొయ్యి గుంతలో కూర్చుని మంట ఎగదోసేది ఆడవాళ్ళు. పొయ్యి నోటికీ పెనం అంచుకీ మధ్య మూరెడు మట్టిగోడ. ఆ గోడకు కిందివైపు మా గాలి మంచిది, కణకణ మండిస్తుంది. పైవైపు చెడ్డది. రసం కాగినంతసేపూ మేము ఉండొచ్చు. పాకం దగ్గరపడిందనగానే పెద్ద మామ ఒక దగ్గు దగ్గుతాడు. ఆ దగ్గుకి ఆడవాళ్ళందరం లేచి, నేల మీద అడ్డంగా పడేసిన తాటిమట్ట ఇవతలికి వచ్చేయాలి. మగవాడెవడో గుంతలోకి దిగుతాడు. తాటిమట్టకీ పెనానికీ నలభై అడుగులు. నేనే కొలిచాను, నా అడుగులతోనే.

రసం తెల్లబడడానికి మగవాళ్ళు పెనంలో ఒక తెల్లపొడి వేస్తారు. ఆ సంచి మీద పుర్రె బొమ్మ ఉంటుంది. పుర్రె బొమ్మ పొడి వేస్తే పాకం విరగదు. నేను తొంగి చూస్తే విరుగుతుంది. ఇదే బెల్లం తీసుకెళ్ళి అమ్మవారికి నైవేద్యం పెడతారు. ఆవిడ ఆడది కాదా అని ఒకసారి మా అత్తని అడిగాను. మా అత్త అడ్డపొగ తాగుతుంది, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని. నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడగలదు. "అమ్మోరు పెనం కాడికి వత్తాదేటి? గుళ్ళో కూకుంటాది. నువ్వూ ఇంట్లో కూకో" అంది.

ఇంట్లో కూర్చోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు, పాకం తెలియకపోతే.

నాకు పాకం నేర్పింది మా నాన్న. మాది దేవరాపల్లి వైపు. మా నాన్న చుట్టుపక్కల నాలుగైదు గానుగలకు పాకగాడు. అమ్మ చేలోకి వెళ్తే నన్ను చూసేవాళ్ళు లేక వెంట తీసుకుపోయేవాడు. పెనం పక్కన తట్ట బోర్లించి దాని మీద నిలబెట్టేవాడు. "కళ్ళు మూసుకోయే గుంటా. కన్ను మోసం సేత్తాది. సెవి పెట్టు" అనేవాడు. కళ్ళు మూసుకుంటే తెలిసేది. మొదట రసం గలగలలాడుతుంది, వాగులాగా. తర్వాత మాట తగ్గుతుంది. చివరికి తపతపమని, తడిబట్ట బండ మీద కొట్టినట్టు ఒక బరువు చప్పుడు వస్తుంది. అప్పుడు చిటికెడు పాకం చన్నీళ్ళలో వేసి ఉండ చేయాలి. పళ్ళేనికేసి కొడితే టక్కుమనాలి. ఆ టక్కుకు ముందే వాసన మారుతుంది. ఎలా మారుతుందంటే చెప్పలేను. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. నాకు తొమ్మిదేళ్ళకే తెలిసింది. పదేళ్ళకి మా నాన్న కంటే ముందు "దించెయ్ నాన్నా" అనేదాన్ని. ఆయన దించేవాడు. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. చాప మీంచి లేచిన వారానికి గానుగకు బయల్దేరితే మా నాన్న గుమ్మంలోనే ఆపేశాడు. "ఇంక సాలు తల్లీ" అన్నాడు. అంతే. ఎందుకని అడిగితే చెప్పలేదు. నాకు నేర్పిన ఒక్కడే నన్ను ఆపిన మొదటివాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. నేనింకా ఆ మాట మర్చిపోలేదు. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను.

పెళ్ళిచూపులకు పెద్ద మామే పెద్దగా వచ్చాడు. "పిల్లకేటొచ్చు?" అని అడిగాడు. మా నాన్న నేల చూస్తూ "పాకం వచ్చు బావగారూ" అన్నాడు. పెద్ద మామ గట్టిగా నవ్వి, "అరిసెల పాకమేటి? మాకరిసెలంటే ఇట్టమే" అన్నాడు. అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. పళ్ళేలు తెచ్చింది నేనే కాబట్టి ఎవరెవరు ఎంతెంత నవ్వారో నాకు గుర్తుంది.

నేను కాపురానికి వచ్చేసరికి పెద్ద మామ పెనం మానేసి ఒక ఏడాది అయింది. అంతకు ముందు ముప్ఫై ఏళ్ళు ఆయనే పాకగాడు. ఆయన దించిన పెనం ఒక్కటీ చెడలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. పాత కర్రగానుగ తీసేసి, కరెంటు మోటారుతో కొత్త షెడ్డు పెరటి అవతలి చివర కట్టిన ఏడాదే, "ఒయిసైపోనాది, ఇంక నావల్ల కాదు" అని గరిట మా ఆయన చేతిలో పెట్టాడు. ఆ సంగతి గుర్తుంచుకోండి. నేను చాలా ఆలస్యంగా గుర్తుచేసుకున్నాను.

మా ఆయన మంచివాడు. మంచితనానికీ పాకానికీ సంబంధం లేదు. నేను వచ్చాక మొదటి సీజనులో వరసగా మూడు పెనాలు జిగురు తేల్చాడు. నాలుగో రోజు నేను తాటిమట్ట ఇవతల పిప్పి ఆరబోస్తూ, చప్పుడు విని ఉండబట్టలేక "దించండి" అని అరిచాను. అదిరిపడి దించేశాడు. ఆ బెల్లం బంగారు రంగులో, గంటలాగా మోగింది. సాయంత్రం పెరట్లోకి వచ్చి, ఎవరూ లేకుండా చూసి, "ఏటే, నీకెలా తెలిసింది?" అన్నాడు. చెప్పాను. ఆ రోజు నుంచి మాకో పద్ధతి కుదిరింది.

పద్ధతి ఏమిటంటే, పాకం దగ్గరపడగానే మా ఆయన స్టీలు గిన్నెలో చన్నీళ్ళు పోసి, అందులో చిటికెడు పాకం వేసుకుని, నలభై అడుగులూ పరిగెత్తుకుంటూ తాటిమట్ట దగ్గరకు వచ్చేవాడు. నేను ఇవతలి నుంచి చెయ్యి చాపి ఉండ చేసి చూసి చెప్పేదాన్ని. పైకి మాత్రం మంచినీళ్ళకు వస్తున్నట్టు. మా ఆయన కాస్త భారీ మనిషి. ఆయన వచ్చి వెళ్ళేలోగా పెనంలో పాకం తన దారిన తాను పోతుంది కదా. అందుకని నేను గిన్నెలో ఉన్న పాకం చూసి చెప్పేదాన్ని కాదు, ఆయన మళ్ళీ పెనం చేరేసరికి ఎలా ఉంటుందో ఊహించి చెప్పేదాన్ని. ఆయన మోకాలు నొప్పి పెట్టిన ఏడాది మరికొంత ముందుగా చెప్పాల్సి వచ్చింది. పాకంతో పాటు మొగుడి మోకాళ్ళు కూడా చూసుకుని పెనం దించిన పాకగాడు ఈ జిల్లాలో ఇంకొకరు ఉంటే చెప్పండి, కాళ్ళకు దణ్ణం పెడతాను.

ఊరికి తెలియదా? తెలుసు. గానుగలో మగవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. "బావకి దాహమెక్కువ." "పాకమొచ్చినప్పుడే దాహమేత్తాది బావకి." "పెళ్ళాం సేతి నీళ్ళు తియ్యగుంటాయి మామా, నీకేటి తెలుసు!" నవ్వుకునేవాళ్ళు గానీ ఎవరూ ఆపేవాళ్ళు కాదు. నేను తాటిమట్టకు ఇవతల ఉన్నంతకాలం కట్టుబాటు నిలబడింది, బెల్లమూ నిలబడింది. మా ఆయన పాకం అనకాపల్లి బెల్లం మార్కెట్ దాకా పేరు తెచ్చుకుంది.

ఒకసారి పట్నంలో రైతుల మీటింగు పెట్టి, మంచి బెల్లం చేసేవాళ్ళని పిలిచి శాలువా కప్పారు. కుర్చీలు నిండాలని ఆడవాళ్ళని కూడా బస్సులో తీసుకెళ్ళారు. వేదిక మీద ఒకాయన మైకు పట్టుకుని మా ఆయనను అడిగాడు, "పాకం వచ్చిందని ఎలా తెలుసుకుంటారండీ?" మా ఆయన చెమటలు తుడుచుకున్నాడు. వెనక వరసలో ఉన్న నావైపు చూశాడు. "అనుభవమండి" అన్నాడు. చప్పట్లు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. బెల్లం దిమ్మ పట్టుకుని మా ఆయన, శాలువా, పక్కన పెద్దలు. ఫొటోకి నేను కూడా వెళ్ళి నిలబడ్డాను, "కొంచెం జరగమ్మా" అంటే జరిగాను. ఎంత జరిగానో ఫొటోలో తెలుస్తుంది. ఎడమ చివర ఒక మోచెయ్యి ఉంది. ఆ మోచెయ్యి నాదే. మా ఇంట్లో ఆ ఫొటో కట్టించి గోడకు పెట్టారు. చట్రం కట్టినవాడు అంచు సరిచేయడానికి కొంచెం కత్తిరించాడు. ఇప్పుడు మోచెయ్యి కూడా లేదు.

తర్వాత ఫోన్లు వచ్చాయి.

మా అమ్మాయి పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తుంది. తెల్లారేసరికి కంపెనీ బస్సు ఎక్కుతుంది. అక్కడ దాని పనేమిటంటే, పెద్ద పెద్ద పాత్రల్లో ఏదో కాగుతుంటే అద్దంలోంచి చూసి, ఎప్పుడు ఆపాలో చెప్పడం. అది చెప్తే ఆపుతారు. ఆడగాలి అనరా అని అడిగితే "ఏటమ్మా నువ్వు!" అని నవ్వింది. అదే మా ఇద్దరికీ మంచి ఫోన్లు కొనిపెట్టి, "నాన్న ఇంకా ఎన్నాళ్ళు పరిగెడతాడు? వీడియో కాల్ చేసుకోండి" అంది.

ఇది మాత్రం పెద్ద మామ ఒప్పుకోవాలి. పరుగైతే దాహం అనుకోవచ్చు. పెనం దగ్గర ఫోను కడితే ఏమనుకోవాలి? పెద్ద మామ మంచం మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. ఫోనుకి గాలి ఉండదని ఒప్పుకున్నాడు. కానీ మొహం ఉంటుంది కదా. చివరికి తీర్పు చెప్పాడు. "ఫోను ఎదురు గడకి కట్టండి. దాని మొకం పెనం మీద పడకూడదు. ఎనక కళ్ళు పెనం మీదుండాల, మొకం బయటికుండాల."

అలాగే కట్టారు. ఫోను వెనకవైపు కెమెరా పెనాన్ని చూస్తుంది. తెర బయటి దారి వైపు. అందులో నా మొహం. చెరకు బళ్ళు తోలుకుని పోయేవాళ్ళందరికీ వెదురు గడ మీద వేలాడుతూ నేను కనబడేదాన్ని. కొందరు నిలబడి "ఏటి వదినా, బాగున్నావా?" అని పలకరించేవాళ్ళు. ఊళ్ళో అందరూ నా మొహం చూడొచ్చు, పెనం ఒక్కటే చూడకూడదు. "కొంగు తలమీదకి లాక్కో, మామలు తిరుగుతారు" అని మా అత్త పక్కనుంచి చెప్పేది. ఇంట్లో నా గదిలో, ఒంటరిగా, తల మీద కొంగు కప్పుకుని, ఫోనులో ఆవిర్లు చూస్తూ "ఇంకా... ఇంకా... దించండి" అని చెప్పేదాన్ని. రెండు సీజన్లు అలా గడిచాయి. ఒక్క పెనం చెడలేదు. చెడలేదని ఎవరైనా ఒక్క మాట అన్నారేమో అని చూశాను. ఫోను మంచిదన్నారు.

పోయిన మాఘంలో చెడింది.

ఆ రోజు సంగతి నిమిషం నిమిషం రాస్తాను, ఎందుకంటే దాన్ని ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చెబుతున్నారు. ఎండ నడినెత్తికి రాలేదు. ఫోనులో పెనం కనబడుతోంది. బుడగలు ఇంకా పెద్దవి. "ఇంకా" అన్నాను. మళ్ళీ చూశాను. బుడగలు అలాగే ఉన్నాయి. "ఇంకా" అన్నాను. అప్పుడు కిటికీలోంచి గాలి వచ్చింది. వాసన మారిపోయింది. మా నాన్న నేర్పిన వాసన. ఇక్కడ ముక్కు "అయిపోయింది" అంటోంది, అక్కడ ఫోనులో బుడగలు పెద్దవిగానే ఉన్నాయి. అప్పుడు గమనించాను. బుడగలు కదలడం లేదు. బొమ్మ ఆగిపోయింది. నేను చూస్తున్నది ఎప్పటి పెనమో.

"దించండి, దించండి!" అని ఫోనులో అరిచాను. అటు వినబడలేదు. ఫోను పడేసి, పెరటి గుండా పరిగెత్తాను. తాటిమట్ట దగ్గరకు వచ్చేసరికి పెద్ద మామ అక్కడే వేయించుకున్న మంచం మీంచి లేచి కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగక్కడ! ఎక్కడికే?"

"పాకం దాటిపోతంది మామా, దించమను!"

"ఫోనులో సెప్పు."

"ఫోను ఆగిపోనాది!"

"ఆగిపోతే ఇంకోటి సెయ్యి. ఇటు రాకు."

పెనం దగ్గర మా ఆయన గరిట పట్టుకుని, తల గడ అవతలికి చాచి ఫోను తెరకేసి చూస్తున్నాడు. తెర మీద నా మొహం, నోరు సగం తెరిచి, "ఇంకా" అన్న దగ్గర ఆగిపోయి ఉందట. తర్వాత చెప్పాడు. నేను నలభై అడుగుల దూరంలో అసలు మొహంతో అరుస్తున్నాను. ఆయన ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి ఫోనుని చూశాడు. ఆయన ఫోనునే నమ్మాడు. అది కట్టుబాటు ప్రకారం కట్టింది కదా.

"దించండి! నా మాట ఇనండి!"

"ఇదేటి బావా, ఫోనులో ఇంకా అంటంది, ఇక్కడ దించంటంది" అన్నారెవరో. నవ్వారు కూడా.

నేను తాటిమట్ట దాటాను. ఒక్క కాలు. పెద్ద మామ కర్ర నా మోకాలికి తగిలింది. అంతలో తపతప ఆగిపోయింది. పెనంలో ఒక చిటపట, ఆ తర్వాత నల్లటి పొగ. నాకు తెలిసిపోయింది. అందరికీ తెలిసిపోయింది.

ఆ బెల్లం తొట్టిలో పోస్తే తారులాగా నల్లగా, నాలుకకు చేదుగా గట్టిపడింది. పశువుల దాణాకి పోయింది. గానుగ చుట్టూ మూగిన మగవాళ్ళందరి ముందూ పెద్ద మామ కర్ర నేలకు తాటించి చెప్పాడు:

"సూసేరా? తాటిమట్ట దాటినాది. దాటినెంటనే ఇరిగిపోనాది. నేను సెప్తే ఇన్నారా?"

అందరూ తలలూపారు. మా ఆయన తలెత్తలేదు, కానీ ఊపాడు. నేను వెనకనుంచి చూశాను.

అంటే ఇప్పుడు ఊళ్ళో సంగతి ఇది. నేను ఎన్నేళ్ళుగానో దించిన పెనాలు మా ఆయన అనుభవం. ఫోనులో దించినవి ఫోను మంచితనం. చెడిన ఒక్కటీ నాది. ఆ ఒక్కదానికి మాత్రం వెంటనే నన్ను చూపించారు, ఎవరూ "కొంచెం జరగమ్మా" అనలేదు. "పలానా కోడలు దాటితే పెనం మాడిపోనాది" అని పక్క ఊళ్ళో ఇప్పుడు పెళ్ళయిన పిల్లలకు చెబుతున్నారట. నేను ఊరుకోనిది అందుకే. బెల్లం పోయినందుకు కాదు. మా నాన్న నేర్పిన పాకానికి నా పేరుతో మచ్చ పడింది. నా ముక్కు ఆ రోజు తప్పు చెప్పలేదు. అడ్డం వచ్చింది గాలి కాదు, కర్ర.

ఆ మాడిన బెల్లంలో ఒక ముక్క స్టీలు డబ్బాలో దాచాను. చీమ కూడా పట్టలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం వెనక గదిలో మా అత్త నా పక్కన వచ్చి కూర్చుంది. చుట్ట నోట్లోంచి తీసి, చాలా అరుదుగా తీస్తుంది, ఇంటి వెనక గోడకేసి చూపించింది. ఆ గోడకు ఒక ఇటుక లేదు. కూర్చున్న మనిషి మొహం ఎత్తులో ఒక కన్నం. పొగ కన్నం అంటారు. కానీ ఆ గదిలో పొయ్యి ఎప్పుడూ లేదు. అవతల ఖాళీ నేల, ఎండు గడ్డి.

"అక్కడేటుండేదో తెలుసా?" అంది.

"ఏటి?"

"పాత పెనం."

మా అత్త మళ్ళీ చుట్ట నోట్లో పెట్టుకుంది.

"మా అప్ప ఇక్కడ కూకునేది. గాజులు గోడకి కొడితే, అవతల పెనం దిగేది."

అప్ప అంటే పెద్ద మామ భార్య. మా పెద్దత్త. నేను వచ్చాక పదిహేనేళ్ళు బతికింది. పాకం కాలంలో రోజూ ఆ గదిలో గోడకేసి తిరిగి కూర్చునేది. అలిగిందనుకునేదాన్ని. "పెద్దత్తకి ఎవరిమీదో కోపం" అని మా ఆయనతో అన్నాను కూడా. ఖాళీ నేలకేసి చూస్తూ ఆవిడ ఏం వింటూ కూర్చునేదో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఈ కాగితంలో అందరి తప్పులూ రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాస్తున్నాను.

కొత్త షెడ్డు పెరటి అవతలి చివర కట్టారు. ఆ ఏడాదే పెద్ద మామకు వయసైపోయింది. గోడకు కొట్టిన గాజుల చప్పుడు మోటారు దాటి అంత దూరం వినబడదు కదా.

"మరి నాకిన్నాళ్ళూ సెప్పలేదేటత్తా?"

"నువ్వడగలేదు" అంది. ఆ కన్నంలోంచి బయటికి చూస్తూ, "అడిగితే మాత్రం సెప్పేదాన్నేటి" అంది.

ఎల్లుండి ఈ ఏటి మొదటి పెనం. పోయిన వారం వేరే ఊరి నుంచి ఒక పాకగాడిని పిలిపించి చూశారు. అతను మా చెరకు రసం చూసి, మా పొయ్యి చూసి, రెండు పూటలా భోంచేసి వెళ్ళిపోయాడు. నిన్నటి నుంచి మా ఆయన నా చుట్టూ తిరుగుతున్నాడు. "ఫోను ఆన్ సెయ్యవే. ఈసారి కొత్త సిమ్ము ఏత్తాను. సిగ్నల్ బాగుంటాది" అంటున్నాడు. పెద్ద మామ కూడా కబురు పెట్టాడు. తాటిమట్ట పది అడుగులు ముందుకు జరుపుతాడట. ముప్ఫై అడుగులకు ఒప్పుకొమ్మంటున్నాడు. ఆయనకిది పెద్ద దయ అనిపించినట్టుంది.

ఫోను బియ్యం డ్రమ్ములో అడుగున ఉంది. స్విచాఫ్. మా ఆయన పరిగెత్తుకొచ్చినా తాటిమట్ట దగ్గర నేనుండను. గిన్నెలో ఉండ చేయను. ఊహించి చెప్పను. నేను నిలబడితే పెనం అంచున, నా కళ్ళకి ఆవిరి తగిలేలా నిలబడతాను. లేకపోతే చాప వేసుకుని పడుకుంటాను. మీ పెనం, మీ గాలి, మీ ఇష్టం.

అయితే దానికంటే ముందు నాకొక జవాబు కావాలి. నాలుగుసార్లు అడిగింది ఒకటే ప్రశ్న, "పోయిన మాఘంలో పెనం ఎవరివల్ల చెడింది?" అని. ఈసారి దానికి ఇంకొకటి కలుపుతున్నాను. పెద్ద మామా, ఈ కాగితం మీకు పక్కింటి వాళ్ళెవరూ కాదు, నేనే వచ్చి చదివి వినిపిస్తాను. వరండాలో, అందరూ ఉన్నప్పుడు, పొద్దున్నే, మీకు నిద్ర రాని వేళ చూసి వస్తాను. మా అత్త కూడా వస్తానంది, చుట్ట తీసి మరీ.

ముప్ఫై ఏళ్ళు మీరు దించిన పెనాలు ఎవరు దించారు? ఆ గోడకి ఇటుక ఎవరు తీశారు? పెద్దత్త గాజులు ఎన్నిసార్లు కొడితే మీరు పెనం దించారు?

కళ్ళు మూసుకోకండి మామా. జవాబు చెప్పండి.